అనంతపురం ఎండల్లో పన్నెండేళ్ళ మోర్‌పంకి

అనంతపురంలో మా ఇంటి గేటుకు ఇరువైపులా 2013 జూలైలో నాటిన రెండు మోర్‌పంకి మొక్కలకు పన్నెండేళ్ళు నిండాయి. ఏడాది పొడవునా పచ్చగా ఉండే అలంకార వృక్షం కావాలని మా ఊరిలో చాలామంది దీనినే కొంటున్నారు కనుక, నేను చూసినది చూసినట్టు రాస్తున్నాను.

అదే రోజు మూడో మొక్కగా అరకేరియా, అంటే అందరూ క్రిస్మస్ చెట్టు అనేది, కూడా తెచ్చాను. అది పసిఫిక్ సముద్రంలోని నార్ఫోక్ దీవి చెట్టు. సముద్రపు తేమగాలికి అలవాటు పడినది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే మా నేలలో దాని కింది కొమ్మలు వరుస వెంట వరుస రాలిపోయి, మూడో వేసవికి మొక్కే పోయింది. దానిని నేను ఎవరికీ సిఫారసు చేయను.

మోర్‌పంకి సంగతి వేరు. దీని పుట్టిల్లు చైనా. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ తూజా జాతిలో చేర్చినందువల్ల నర్సరీలలో ఇప్పటికీ తూజా అనే పిలుస్తున్నారు గాని, శాస్త్రవేత్తలు దీనిని ప్లాటిక్లాడస్ అనే వేరే జాతిగా గుర్తించారు. దీని రెమ్మలు విసనకర్రల వలె చదునుగా, నిటారుగా నిలబడి ఉంటాయి. చదువు వస్తుందని మా పిల్లలు వాటిని తుంచి పుస్తకాలలో దాచుకునేవారు. మొక్క అమ్మినాయన ఆ రోజు చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తు: "దీనికి దినామూ నీళ్ళు పోయద్దు సార్, ఎండితే బతుకుతాది గానీ నానితే బతకదు." రెండడుగుల లోతున గట్టి మొరం తగిలితే, నీరు నిలవకుండా దానిని గడ్డపారతో పగలగొట్టించి, ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి గుంత నింపాను. మొదటి రెండేళ్ళు వారానికి రెండుసార్లు, ఆ తరువాత వేసవిలో మాత్రం వారానికి ఒకసారి నీళ్ళు పోశాను. అంతకు మించి అవసరం రాలేదు.

నేను చేసిన పెద్ద తప్పు స్థలం విషయంలో. ఎడమ వైపు మొక్కను ప్రహరీకి అడుగున్నర దూరంలోనే నాటాను. ఏప్రిల్, మే నెలలలో రాత్రి ఎనిమిది గంటలకు కూడా ఆ సందులో చేయి పెడితే గోడ సెగ తగిలేది. నాలుగో వేసవికి గోడ వైపు రెమ్మలన్నీ గోధుమరంగుకు తిరిగి మాడిపోయాయి, తిరిగి చిగురించనే లేదు. వేప కొమ్మను ఎక్కడ నరికినా చిగురు వేస్తుంది. ఈ మొక్క మాత్రం ఆకు లేని పాత కొమ్మ మీద చిగురు వేయదు. ఒక దీపావళి ముందు శుభ్రం చేయడానికి వచ్చిన కూలీ కుడి వైపు మొక్కను గుండ్రంగా చేద్దామని లోపలి కర్ర కనబడేంతగా కత్తిరించిన చోట, ఈనాటికీ చేతి వెడల్పు గల బోసి మచ్చ ఉంది. కత్తిరింపు పచ్చటి కొసల వరకే పరిమితం కావాలి.

2017 వేసవిలో రెండు మొక్కలూ బూడిద పట్టినట్టు వెలవెలబోయాయి. తెల్ల కాగితం పట్టి ఒక రెమ్మను దాని మీద తట్టగా ధూళి వంటి చుక్కలు రాలి మెల్లగా పాకసాగాయి. వేలితో రుద్దితే ఎర్రటి చార పడింది. అవి ఆకు రసం పీల్చే ఎర్రనల్లి పురుగులు. మూడు వారాల పాటు మూడు రోజులకొకసారి తెల్లవారుజామున పైపుతో లోపలి రెమ్మలు తడిసేలా గట్టిగా నీళ్ళు కొట్టడంతో చాలావరకు పోయాయి. గంధకం ఎండలో ఆకును మాడుస్తుంది కనుక, మిగిలినవాటికి వానలు పడి చల్లబడ్డాకే నీటిలో కరిగే గంధకాన్ని లీటరుకు 3 గ్రాముల చొప్పున చల్లాను. అయితే ఏటా లోపలి పాత రెమ్మలు కొన్ని ఎండి రాలడం రోగం కాదు. వాటిని చేత్తో దులిపేస్తే చాలు.

రెండడుగుల మొక్కలు ఇప్పుడు పదడుగులకు చేరాయి. కుడి వైపు చెట్టుకు కొక్కేల వంటి మొనలున్న నీలిపచ్చని కాయలు ఏటా కాస్తున్నాయి. ఓపిక ఉండి, చోటు ఉన్నవారు నిస్సందేహంగా పెంచుకోవచ్చు. మొన్నటి జూలైలో తూర్పు వైపు మరొకటి నాటాను. ఈసారి గోడకు ఆరడుగులు కొలిచి, అక్కడ మేకు దిగగొట్టాకే గుంత తవ్వించాను.