‘24 గంటలు’ అన్న బోర్డును నమ్మి అర్ధరాత్రి పరుగెత్తకండి: చెన్నైలో పిల్లులు, కుక్కలు పెంచేవారికి హెచ్చరిక

చెన్నైలో కుక్కనో పిల్లినో పెంచుకుంటున్న తెలుగువాళ్లందరికీ ఈ మాట చెప్పాలి. మీ ఇంటి దగ్గర పశువుల ఆసుపత్రికి ‘24 గంటల అత్యవసర సేవ’ అని బోర్డు ఉంటే, రాత్రిపూట అక్కడ నిజంగా డాక్టరు ఉంటారో లేదో ఇవాళే కనుక్కోండి. మా పాండు ప్రాణం మీదికి వచ్చిన రాత్రి అలాంటి చోట డాక్టరు లేరు.

పాండు మగ పిల్లి. ఆ సాయంత్రం నుంచి పదే పదే లిట్టర్ ట్రేలోకి (మలమూత్రాలకు పెట్టిన ఇసుక తొట్టెలోకి) వెళ్లడం, కూర్చుని ముక్కడం, ఏమీ రాక లేచిపోవడం. రాత్రి పదకొండు దాటాక వాంతి చేసుకుని మంచం కిందికి దూరి, మేమెన్నడూ వినని గొంతుతో అరవసాగాడు. పొట్ట కింద చెయ్యి పెడితే బత్తాయంత గట్టి ఉండ తగిలింది.

ఆసుపత్రిలో ఉన్నది ఒక్క కుర్రాడు. చూడగానే ‘మలబద్ధకం మేడమ్’ అని ఎనిమా ఇచ్చాడు. డాక్టరుగారు ఎక్కడని అడిగితే ఫోను తీసి వీడియో కాల్ కలిపాడు. ఆయన పాండు ముఖం చూశారు, డ్రిప్ పెట్టమన్నారు, పెట్టేశారు. వెంటనే ఐసీయూ పేరుతో ఎనిమిది వేలు అడ్వాన్సు కట్టించుకున్నారు. ఆ ఐసీయూ వెనుక గదిలో ఒక ఇనుప బోను. పక్క బోనులో దగ్గుతున్న కుక్కపిల్ల. ఈసీజీ యంత్రం లేదు, ఆక్సిజన్ సిలిండరు కనబడలేదు. తెల్లవారుజామున పాండు చెవులు, పాదాలు చల్లబడ్డాయి, అరుపు ఆగిపోయింది. ఆ కుర్రాడు మాత్రం ‘నిద్రపోతున్నాడు’ అన్నాడు. మావారు ఇక ఒక్క క్షణం ఆగలేదు, పాండును ఎత్తుకుని బయటికి వచ్చేశారు.

వేరే ఆసుపత్రిలో డాక్టరమ్మ పొట్ట మీద చెయ్యి వేయగానే చెప్పారు: మూత్రం దారి మూసుకుపోయింది. మగ పిల్లుల మూత్రనాళం చివర చాలా సన్నగా ఉంటుంది. స్ఫటికాలో జిగురు ముద్దో అడ్డుపడితే చుక్క కూడా బయటికి రాదు. ఒంట్లోంచి పోవలసిన పొటాషియం రక్తంలో పేరుకుని గుండె లయ తప్పుతుంది. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. దారి తెరవకుండా డ్రిప్ మాత్రమే ఎక్కిస్తూ కూర్చుంటే మూత్రసంచి మీద ఒత్తిడి పెరుగుతూనే ఉంటుంది. ముందు గుండెను కాపాడే కాల్షియం ఇంజెక్షను, ఆ తర్వాత మత్తు, ఆ తర్వాత మూత్రం దారిలోకి సన్నటి గొట్టం (కాథెటర్) వేశారు. ఎర్రటి మూత్రం గొట్టంలోంచి కారడం చూశాకే మాకు ఊపిరి ఆడింది. పాండు బతికాడు. కిడ్నీల కోసం ఇంకా మందులు వాడుతున్నాం.

డాక్టరమ్మ మమ్మల్ని మొదట అడిగింది ‘అక్కడ ఏ ఇంజెక్షన్లు చేశారు?’ అని. మా చేతిలో ఉన్న చీటీ మీద ‘ఇంజెక్షన్ 2, ఫ్లూయిడ్స్’ అని రాసి, ఎదురుగా డబ్బులు వేసి ఉన్నాయి. మందు పేరు లేదు, మోతాదు లేదు, సమయం లేదు, సంతకం లేదు. మత్తు ఇవ్వబోయే డాక్టరుకు ఆ వివరాలు ఎంత అవసరమో ఆలోచించండి. ఏ ఆసుపత్రి నుంచి బయటికి వస్తున్నా మందుల పేర్లు, మోతాదు, ఇచ్చిన సమయం రాయించుకోకుండా కదలకండి.

ఆసుపత్రిని ఎంచుకునే పని ఆపద రాకముందే జరగాలి. ఫోను చేసి ‘తెరిచి ఉంటుందా?’ అని అడిగితే అందరూ ‘ఉంటుంది’ అనే అంటారు. ‘రాత్రి రెండింటికి డాక్టరు ఆసుపత్రిలోనే ఉంటారా, ఇంటి నుంచి రావాలా?’ అని అడగండి. ఎక్స్‌రే, రక్తపరీక్ష ఆ వేళలో చేస్తారా, మత్తు ఇచ్చి ఆపరేషన్ చేయగలరా, చేర్చుకుంటే తెల్లవార్లూ ఎవరు చూసుకుంటారు అనీ అడగండి. జవాబు నాన్చితే ఆ చోటు వదిలేయండి. 1903లో మొదలైన మద్రాసు పశువైద్య కళాశాలకు వేపేరిలో పెద్ద బోధనాసుపత్రి ఉంది. జనం ఎక్కువే, కానీ ఖర్చు ప్రైవేటు కంటే చాలా తక్కువ. రాత్రివేళ ఏ గేటు నుంచి వెళ్లాలో, ఎలాంటి కేసులు తీసుకుంటారో ఒకసారి పగలు వెళ్లి తెలుసుకోండి.

బయలుదేరే ముందు ఫోను చేసి లక్షణాలు చెప్పండి, వాళ్లు సిద్ధంగా ఉంటారు. టీకాల కార్డు, పాత రిపోర్టులు, వాడుతున్న మందుల ఫొటో ఫోనులో ఒకే చోట పెట్టుకోండి. బరువు తెలిస్తే చెప్పండి, మోతాదు దాన్నిబట్టే. ఎలుకల మందులాంటిది తిన్నదని అనుమానం ఉంటే ఆ ప్యాకెట్టు తీసుకెళ్లండి. అందులో ఉన్న విషాన్నిబట్టి విరుగుడు మారుతుంది. మత్తు ఇవ్వవలసి రావచ్చు కాబట్టి తిండి పెట్టకండి. ఉబ్బిన పొట్టను నొక్కకండి, మూత్రసంచి పగిలే ప్రమాదం ఉంది. నొప్పి తగ్గుతుందని మన పారాసిటమాల్ అసలే వేయకండి, పిల్లులకు అది ప్రాణాంతకం. ఆటో మాట్లాడుకునేటప్పుడే జంతువు ఉందని చెప్పండి, లేకపోతే సగం దారిలో గొడవ.

1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం, మండలిలో నమోదైన డాక్టరే పశువైద్యం చేయాలి. డిప్లొమా చదివిన సహాయకులు చిన్నపాటి సేవలు మాత్రం డాక్టరు పర్యవేక్షణలో చేయవచ్చు. కాబట్టి చికిత్స చేస్తున్నవారి రిజిస్ట్రేషన్ నంబరు అడిగే హక్కు మీకుంది, మొహమాటపడకండి. నేను బిల్లు, ఆ చీటీ, రెండో ఆసుపత్రి రిపోర్టు జతచేసి రాష్ట్ర పశువైద్య మండలికి ఫిర్యాదు పంపాను. డబ్బు కట్టి పొందిన సేవలో లోపం ఉంటే వినియోగదారుల సహాయవాణి 1915కు కూడా ఫోను చేయవచ్చు. అందుకు రశీదు కావాలి, అడ్వాన్సు కట్టిన నిమిషంలోనే అడిగి తీసుకోండి.