ఇంటి నుంచి టాలీ పని: ల్యాప్‌టాపా, ఆఫీసు కంప్యూటరా, క్లౌడా?

అనంతపురంలో తెలిసినవాళ్ల ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసు ఉంది. ఆరుగురు పనిచేస్తారు. ముగ్గురు ధర్మవరం, తాడిపత్రి నుంచి రోజూ బస్సులో వస్తారు. వాళ్లను ఇంటి నుంచే పని చేయనిద్దామని ఓనరు అడిగారు. మూడు దారులు చూశాం.

మొదటిది, టాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) డేటాను పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసి ల్యాప్‌టాప్‌తో పంపించడం చౌక. కానీ ఒకే క్లయింట్ లెక్కలు ఇంట్లో ఒకరకంగా, ఆఫీసులో ఇంకోరకంగా తయారవుతాయి. 11న వేసిన జీఎస్‌టీఆర్-1కీ (అమ్మకాల వివరాల రిటర్ను), 20న వేసే 3బీకీ (పన్ను కట్టే రిటర్ను) పొంతన కుదరకపోతే టెన్షన్ అంతా మనకే. ల్యాప్‌టాప్ పోతే క్లయింట్ల గుట్టు కూడా పోతుంది. ఇది వద్దన్నాను.

రెండోది, డేటా ఆఫీసులోనే ఉంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో, అంటే ఆఫీసు కంప్యూటర్‌ను ఇంటి నుంచే నడిపే పద్ధతితో, ఎవరి సిస్టమ్‌లోకి వాళ్లు వెళ్లడం. ఇంటికి వచ్చేది స్క్రీన్ బొమ్మ మాత్రమే కాబట్టి ఫోన్ హాట్‌స్పాట్ చాలు. ఆఫీసు సిస్టమ్‌లో విండోస్ హోమ్ ఉంటే కుదరదు, ప్రో కావాలి. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను: రౌటర్‌లో 3389 పోర్టు (రిమోట్ డెస్క్‌టాప్ వాడే దారి) తెరిచి వదిలేయకండి. పాస్‌వర్డ్‌లు ఊహించే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు ఆ తలుపే తడుతుంటాయి. ఒకసారి లోపలికి వస్తే ఫైళ్లన్నీ లాక్ చేసి డబ్బు అడుగుతారు. ముందు వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి మనవాళ్లకు మాత్రమే ఉండే రహస్య దారి), ఆ తర్వాతే రిమోట్. కరెంటు పోయి వస్తే సిస్టమ్ దానంతటదే ఆన్ అయ్యేలా బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగులు) పెట్టుకోవాలి. రౌటర్‌కూ యూపీఎస్ ఉండాలి.

మూడోది క్లౌడ్, అంటే టాలీని, డేటాను ఇంటర్నెట్‌లో అద్దెకు తీసుకున్న కంప్యూటర్‌లో పెట్టడం. ఆఫీసు కరెంటు, ఆఫీసు రౌటర్‌తో పని లేదు. కానీ ఒక్కొక్కరికీ నెలనెలా అద్దె కట్టాలి. ఆఫీసు గదే ఖాళీ చేద్దామనుకునేవాళ్లకు ఇదే మేలు. వీళ్లు గది వదలరు, మంచి సిస్టమ్‌లూ ఇన్వర్టరూ ఉన్నాయి. అందుకే రెండోదే పెట్టించాను.

ఒక చిక్కు ముందే చెప్పాలి. ఆఫీసు సిస్టమ్‌కు పెట్టిన డిజిటల్ సంతకం టోకెన్ (పెన్‌డ్రైవ్ లాంటిది) మామూలుగా రిమోట్ డెస్క్‌టాప్‌లో కనిపించదు. అలాగని టోకెన్‌ను ఎవరి ఇంటికీ పంపకండి, అది క్లయింట్ సంతకం. ఆ సంతకం కావాల్సిన కంపెనీల రిటర్నులు ఆఫీసులో కూర్చునే వేయాలి. మొదటి నెల 20వ తేదీ దాటేదాకా ఒకరిని అక్కడే ఉంచండి. ఏ సిస్టమ్ అయినా ఆగిపోతే ఆన్ చేయడానికైనా మనిషి కావాలి.