నల్ల కారు, బోరు నీళ్ళు, ఒక లావుపాటి టవల్: చాన్నాళ్ళు వాడాక నా రివ్యూ

ముందే చెప్తా, ఇది షాంపూ రివ్యూ కాదు. కారు కడిగే సామాన్లు ఆన్‌లైన్‌లో ఒక్కోటి కొంటా వచ్చి, కొన్ని అరిగిందాకా కొన్ని విసుగొచ్చిందాకా వాడినాక నాకు తేలిందేందంటే మా ఒంగోలు ఎండకీ ఇక్కడి నీళ్ళకీ డబ్బు పెట్టాల్సింది తుడిచే టవల్ మీద, దాని తర్వాత చేతికి తొడుక్కునే మిట్ మీద, మిగతావి ఉంటే ఉన్నట్టు లేకపోతే లేనట్టు. కడగడం ఎవరైనా కడుగుతారు, ఆరబెట్టడమే ఇక్కడ అసలు పని.

బండి నల్ల హ్యాచ్‌బ్యాక్. నల్లది ఎందుకు కొన్నావయ్యా అని అడగబాకండి, మా ఆవిడకి నచ్చింది అంతే. నేనుండేది గ్రానైట్ పనిలో, రోజూ చీమకుర్తి పోయి రావాలి, ఆ కర్నూలు రోడ్డు తెలిసినోళ్ళకి వేరే చెప్పక్కర్లా, దిమ్మెల లారీ ఒకటి ముందు పోతా ఉంటే అద్దాలెత్తుకుని వెనకాల పోవాల్సిందే, సాయంత్రానికి బానెట్ మీద వేలితో పేరు రాయొచ్చు. రాయొద్దు మాత్రం, ఆ పేరు కడిగినాక కూడా కనపడతది.

రాయి పాలిష్ చూసేవాడికి గీత అంటే ఏందో తెలుసు. మా దగ్గర గెలాక్సీ అనే నల్ల గ్రానైట్ స్లాబుకి మెరుపొచ్చేది ఎట్టాగంటే ముతక రాళ్ళతో మొదలుపెట్టి నంబరు పెంచుకుంటా మెత్తవాటి దాకా పోతారు, అంటే పెద్ద గీతల్ని చిన్న గీతలతో, చిన్నవాటిని కంటికానని గీతలతో చెరిపేసుకుంటా పోవడమే. కారు మీద మిషన్‌తో పట్టే పాలిష్ కూడా అదే కథ, గీత ఎక్కడికీ పోదు, గీత ఎంత లోతుందో అంత మేర చుట్టూ ఉన్న పొర దిగిపోద్ది. స్లాబు మందం 18 ఎంఎం కాబట్టి మాకు దిగులు లేదు, కారు రంగు మీద అద్దంలా ఉండే పై పొర, క్లియర్ కోట్ అంటారు, అది మాత్రం సుమారు 40, 50 మైక్రాన్లు, అంటే మిల్లీమీటర్‌లో ఇరవయ్యో వంతు. ఏడాదికోసారి పాలిష్ కొట్టిస్తే కొత్తదాని మాదిరి ఉంటది అనేవాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. గీత పడకుండా చూసుకోవడమే మనకి గిట్టుబాటు.

గీతలు పడేది ఎక్కడంటే, పొడిగా తుడిచినప్పుడు. పొద్దున్నే ఆఫీసుకి పోయేముందు ఆ ఎర్ర నూలు కుచ్చుల డస్టర్‌తో టపటపా కొట్టి బయల్దేరతారు చూడండి, లేదా షోరూమోళ్ళు ఇచ్చిన పసుప్పచ్చ గుడ్డతో గుండ్రంగా రుద్దతారు, దుమ్ము పోయినట్టే ఉంటది గానీ రాతిపొడిని బండంతా తిప్పి రుద్దినట్టే లెక్క. రాత్రి పెట్రోలు బంకు లైట్ల కింద నిలబెట్టి చూస్తే సాలెగూడు అల్లినట్టు గుండ్రటి గీతలన్నీ బయటపడతాయి. తెల్లబండి వాళ్ళకి కనపడవు కాబట్టి లేవనుకుంటారు. వాటర్ సర్వీసింగ్ షెడ్లలో ఇంకో తంతు, ప్రెషర్ నీళ్ళు బాగానే కొడతారు, నురగా బాగానే వేస్తారు, ఆఖర్న కుర్రాడొచ్చి ముందు బండి చక్రాలు తుడిచిన గుడ్డనే పిండి మన బానెట్ మీద వేస్తాడు. గుడ్డ మనం తీసుకుపోయి ఇస్తే వాడతారు, మొహమాటం లేకుండా అడగండి.

ఇక మిట్. చేతికి గ్లౌజులా తొడుక్కునే మైక్రోఫైబర్ మిట్, లావు దారపు కుచ్చులుంటాయి, నేను కొన్నది మూడొందల చిల్లర. స్పాంజికీ దీనికీ తేడా ఏందంటే స్పాంజి చదునుగా ఉంటది కాబట్టి ఇసుక రేణువు దానికీ పెయింటుకీ మధ్య ఇరుక్కుని బండి పొడుగునా ప్రయాణం చేస్తది, మిట్‌లో అయితే కుచ్చుల లోపలికి పోద్ది. పోయింది అక్కడే ఉంటది కాబట్టి రెండో బకెట్ కావాలి. ఒక దాంట్లో షాంపూ నీళ్ళు, ఇంకో దాంట్లో ఉత్త నీళ్ళు, ఒక డోర్ అవగానే ఉత్త నీళ్ళలో మిట్ బాగా జాడించి అప్పుడు షాంపూలో ముంచాలి. ఆ ఉత్త నీళ్ళ బకెట్ అడుగున చేరే మడ్డి ఒకసారి చూస్తే ఇంక జన్మలో ఒక్క బకెట్‌తో కడగరు. మిట్ పెట్టేముందు ట్యూబుతో పైనుంచి కింద దాకా నీళ్ళు కొట్టి వదులు దుమ్మంతా దించేయాలి, తర్వాత రూఫ్, అద్దాలు, బానెట్, డోర్ల పై సగం, ఆఖర్న డోర్ల కింద సగం, బంపర్లు. చక్రాలకి వేరే గుడ్డ వేరే బకెట్. రుద్దడం నిలువుగానో అడ్డంగానో సాఫుగా, గుండ్రంగా వద్దు, నొక్కొద్దు కూడా, మిట్ బరువు చాలు.

సర్ఫ్, గిన్నెలు తోమే లిక్విడ్ వాడబాకండి, మురికితో పాటు పైనున్న వ్యాక్స్ కూడా పట్టుకుపోతాయి. షాంపూ మీద పీహెచ్ న్యూట్రల్ (అంటే ఆమ్లమూ కాదు, క్షారమూ కాదు) అని రాసి ఉంటే చాలు, ఖరీదైనదానికీ మామూలుదానికీ నాకైతే తేడా తెలియలా.

ఇప్పుడు నీళ్ళ సంగతి. మా బోరు నీళ్ళలో టీడీఎస్ మీటర్, అంటే లీటరు నీళ్ళలో ఎన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగున్నాయో చూపేది, పెడితే 1400 పైనే చూపిస్తది. తాగే నీళ్ళకి ఐఎస్ఐ లెక్క 500 లోపు, వేరే గతి లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారు, అంటే తాగడానికే అంతంతమాత్రం. ఈ నీటిచుక్క పెయింటు మీద ఆరిపోతే నీళ్ళు పోతాయి, లోపలున్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు తెల్ల వలయంగా మిగులుతాయి. వేసవిలో పొద్దున ఏడు దాటినాక కడిగితే కుడి పక్క షాంపూ పట్టేలోపు ఎడమ పక్క మచ్చలు రెడీ. అప్పుడే చూసుకుంటే వెనిగర్ సగం నీళ్ళు సగం కలిపి గుడ్డ తడిపి ఒక నిమిషం ఆనించి కడిగేస్తే వదిలిపోతాయి, రోజుల తరబడి ఎండలో వదిలేస్తే క్లియర్ కోట్‌లోకి దిగి కూర్చుంటాయి, ఇంక కడిగితే రావు. పెయింటు మీద రక్షణగా వేసే కోటింగ్ చేయించుకున్నా గుండె మీద చెయ్యేసుకుని పడుకోవచ్చు అనుకోబాకండి, దాని మీద నీళ్ళు చుక్కలు చుక్కలుగా నిలబడతాయి కదా, అది ఫొటోకి బాగుంటది, మా నీళ్ళతో ప్రతి చుక్కా ఒక మచ్చే.

అందుకని నేను చేసేది, ఎండెక్కకముందే మొదలుపెడతా, ఎక్కడికన్నా పోయొచ్చి ఉంటే బానెట్ చల్లారిందాకా ఆగుతా. సాగర్ కాలువ నీళ్ళు కొళాయిలో వచ్చే రోజైతే వాటితోనే, మచ్చలు సగానికి సగం తగ్గుతాయి. బోరు నీళ్ళే దిక్కైన రోజు ఆఖరి తడుపు మాత్రం ఆర్వో ప్లాంటు నీళ్ళతో. ఇరవై లీటర్ల క్యాన్‌లో సగం మొక్కలకి కొట్టే పంపు స్ప్రేయర్‌లో పోసి పైనుంచి కింద దాకా కొడితే బోరు నీళ్ళన్నీ దిగిపోతాయి. తాగే నీళ్ళు కారుకి పోస్తావా అని మా అమ్మ సణుగుతానే ఉంటది, సణగనీ.

టవల్ దగ్గరికొస్తా. ట్విస్టెడ్ లూప్ అంటారు, మెలితిప్పిన దారాలు రెండు పక్కలా కుచ్చుకుచ్చుగా ఉంటాయి, 60 సెంటీమీటర్లు 90 సెంటీమీటర్లు, 1200 జీఎస్ఎం (గుడ్డ ఎంత దట్టమో చెప్పే లెక్క, కింద చెప్తా), ఎనిమిదొందల దాకా పెట్టా. తడి బానెట్ మీద పరిచి రెండు మూలలు పట్టుకుని మెల్లగా మన వైపు లాగితే చాలు, నీళ్ళన్నీ దాంట్లోకి పోతాయి, రుద్దే పనే లేదు. చిన్న కారు మొత్తం ఒక్క టవల్‌తో పిండకుండా అయిపోద్ది. పెద్ద బండ్లకి రెండు కావాలి. తడిసినాక బరువు మాత్రం బరువే, రూఫ్ తుడిచేటప్పుడు పొట్టివాళ్ళకి కష్టం, మా ఆవిడైతే స్టూలేసుకుంటది. ఇంతకు ముందు వాడిన షామీ రబ్బరు గుడ్డ నీళ్ళు బాగానే పీలుస్తది గానీ చదునుగా అతుక్కుంటది, కింద రేణువు ఒకటి మిగిలిందా గీతే.

కొనేటప్పుడు ఒక చిట్కా, ఇది ఏ వీడియోలోనూ నాకు కనపడలా. జీఎస్ఎం అంటే చదరపు మీటరుకి ఎన్ని గ్రాములు అని, కాబట్టి ఈ సైజు టవల్ నిజంగా 1200 అయితే 650 గ్రాముల దగ్గర తూగాలి. నాకు వచ్చిన రెండో టవల్ కిరాణా కొట్లో కాటా మీద పెడితే 400, అంటే 740 జీఎస్ఎం. అమ్మినోడికి కాటా ఫొటో పెడితే మారు మాట్లాడకుండా వెనక్కి తీసుకున్నాడు.

కొత్త టవల్ ముందు ఒకసారి ఉతకాలి, లేదంటే నల్లబండంతా పీచే. ఉతికేటప్పుడు కాటన్ బట్టలతో కలపొద్దు, కంఫర్ట్ లాంటివి అసలు పోయొద్దు, దారాలకి పూత పట్టి నీళ్ళు పీల్చడం మానేస్తది. మామూలు లిక్విడ్ కొంచెం, చల్లటి నీళ్ళు, నీడన ఆరేయడం. మధ్యలో చేతిలోంచి జారి నేల మీద పడిందా, ఆ పూట ఇంక పెయింటు మీద పెట్టేది లేదు, ఉతికిందాకా పక్కకే.

షాంపూని నురగలా కొట్టే ఫోమ్ గన్ కూడా కొన్నా. నురగ చూడ్డానికి బాగుంటది, పిల్లలు ఎగిరి గంతేస్తారు, కొంచెం మురికి మెత్తబడతది కూడా, కానీ ఆ నురగ పోగొట్టడానికి పట్టే నీళ్ళు తలుచుకుంటే మా వీధిలో వేసవిలో చెయ్యలేం. ప్రెషర్ వాషర్ ఉన్నోళ్ళు వెడల్పుగా కొట్టే నాజిల్ పెట్టి అడుగు పైనే దూరం ఉంచండి, రాయి తగిలి పెచ్చు లేచిన చోట దగ్గరగా కొడితే ఆ పెచ్చు పెద్దదవుతది. గాలి కొట్టే బ్లోయర్ ఒకటే అదనంగా పనికొచ్చింది, అద్దాల సందుల్లో, డోర్ హ్యాండిళ్ళ వెనక దాక్కునే నీళ్ళని బయటకి తోసేస్తది, లేదంటే తుడిచి లోపలికి పోయి కాఫీ తాగొచ్చేలోపు సైడు అద్దం కింద నుంచి ఒక చార కారి ఉంటది. కొత్తపట్నం బీచికి పోయొచ్చినాక మాత్రం తుడవడం ఎట్టా ఉన్నా ముందు కింద భాగం, చక్రాల గూళ్ళు ఉత్త నీళ్ళతో కొట్టేస్తా, ఉప్పు ఉంచుకోకూడదు. కాకి రెట్ట వేస్తే తడిగుడ్డ కాసేపు కప్పి ఉంచి ఎత్తేయడమే, గోకబాకండి.

ఇన్నాళ్ళకి మొదటి టవల్ ఒక పక్క కుచ్చులు గట్టిపడ్డాయి, మునుపటంత పీల్చడం లా. దాన్ని డోర్ల లోపలి అంచులకీ డిక్కీకీ దించా, పెయింటుకి కొత్తది తీసుకుంటా. మళ్ళీ ఇదే రకం, ఇదే సైజు, ఈసారి కూడా కాటా మీద పెట్టి చూసినాకే కవరు చించుతా.