జాగ్రత్త: ‘సింథటిక్’ అని స్టిక్కర్ వేసి జింక మూత్రం అంటగడుతున్నారు

వర్జీనియాలో వేటకు వెళ్లే మనవాళ్లు దయచేసి ఇది చదవండి. ఒళ్లు మండిపోయి రాస్తున్నాను, రాతలో తప్పులుంటే సర్దుకోండి.

నాకు జింకల సెంటు అమ్మినతను ఎవరో మీకు వేరే చెప్పక్కర్లేదు. బో సీజన్ (విల్లుతో వేటాడే రోజులు) దగ్గర పడగానే మన గ్రూపులో సామాన్ల ఫొటోలు పెట్టే మహానుభావుడే. ‘అన్నా, బక్ (మగజింక) నడుచుకుంటూ నీ ట్రీస్టాండ్ (చెట్టు మీది మంచె) కిందికే వస్తుంది’ అని వాయిస్ మెసేజీలు పంపుతాడు చూడండి, అతనే. అతని దగ్గర జింకల్ని రప్పించే సెంటు కొన్నాను. బొటనవేలంత సీసా, 28 డాలర్లు. కొనే ముందే గుచ్చి గుచ్చి అడిగాను. ‘తమ్ముడూ, సింథటిక్కే కదా? మాది వర్జీనియా, అసలు జింక మూత్రం ఉన్నది ఇక్కడ నడవదు.’ ‘పక్కా సింథటిక్ అన్నా. మనవాళ్లకి అబద్ధం చెప్తానా?’ అన్నాడు. చెప్పడండీ, పాపం.

రూల్ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 2015 జూలై 1 నుంచి వర్జీనియాలో వేటకు గానీ, జింకల జాడ చూసుకోవడానికి గానీ వెళ్లినప్పుడు అసలైన జింక మూత్రం ఉన్న సెంట్లు వాడకూడదు. వాడటం దాకా ఎందుకు, బ్యాగులో ఉన్నా తప్పే. దీనికి కారణం క్రానిక్ వేస్టింగ్ డిసీజ్. జింక మెదడును తినేసే జబ్బు, మందు లేదు, వచ్చిన జింక బతకదు. ప్రియాన్ అనే వంకర ప్రోటీన్ వల్ల వస్తుంది. జబ్బు జింక లాలాజలంలో, పేడలో, మూత్రంలో అది బయటికి వస్తుంది, మట్టిలో పడితే ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. మన రాష్ట్రంలో మొదటిసారి ఫ్రెడరిక్ కౌంటీలో 2009 సీజన్‌లో కాల్చిన జింకలో దొరికింది. ఈ సీసాల వల్లే రోగం పాకిందని ఎవరూ తేల్చలేదు, నిజమే. కానీ ఎక్కడో ఫారంలో జాలీ నేల మీద జింకల్ని నిలబెట్టి, కింద కారినదంతా పట్టి, పది జింకలది కలిపి సీసాలకెత్తితే అందులో ఏముందో ఎవరికి తెలుసు? చూసి చెప్పే టెస్టు ఏదీ మన చేతిలో లేదు. అందుకే వద్దన్నారు.

సరే, అసలు సంగతి. ఫాకియర్ కౌంటీలో ఒక పెద్దాయన పశువుల ఫారంలో వేటాడుకోవడానికి నాకు పర్మిషన్ ఉంది. ఉండేది. ఆ పర్మిషన్ కోసం ఎంత తిరిగానో, ఆయన కంచె బాగుచేయడానికి ఎన్ని శనివారాలు వెళ్లానో మా ఆవిడని అడగండి. అలాంటి చోటు డబ్బు పెట్టినా దొరకదు. పొద్దున చీకట్లో ట్రక్కు వెనక సామాన్లు సర్దుకుంటుంటే ఆయన కాఫీ కప్పుతో వచ్చాడు. సీసా చేతిలోకి తీసుకుని టార్చి వేసి చూశాడు. దాని మీద తెల్ల స్టిక్కరు, ప్రింటర్లో తీసింది, ‘సింథటిక్’ అని ఉంది. చలికి కాబోలు ఒక మూల లేచింది. ఆయన గోటితో ఆ మూల పట్టుకుని లాగాడు. జిగురు తీగలు సాగుతూ స్టిక్కరు మొత్తం ఊడి వచ్చేసింది.

కింద అసలు లేబుల్. ఆడజింక బొమ్మ, పక్కనే నూరు శాతం స్వచ్ఛమైన మూత్రమని పెద్ద అక్షరాలు. అడుగున చీమల్లాంటి అక్షరాల్లో ఏయే రాష్ట్రాల్లో వాడకూడదో జాబితా. వర్జీనియా అందులో ఉంది. స్టిక్కరు సరిగ్గా ఆ జాబితా కూడా మూసుకుపోయేట్టు కొలిచి కోసి అతికించారు. తెలియక జరిగింది అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. తెలియనివాడు దేన్ని దాచాలో అంత కచ్చితంగా ఎలా దాస్తాడు?

పెద్దాయన అరవలేదు. ‘సామాన్లు తీసుకుని వెళ్లిపో’ అన్నాడు, అంతే. నేను చెప్పబోతుంటే వినకుండా గేటు వైపు నడిచాడు. ఆయన్ని తప్పుపట్టను. ఆయన పొలంలో తిరిగే జింకలు, ఆయన భయం ఆయనది.

దారిలో ట్రక్కు ఆపి, సెంటు అమ్మిన మన తమ్ముడికి ఫోన్ చేశాను. స్పీకర్లో వెనక ఎవరో నవ్వుతున్నారు, పార్టీలో ఉన్నట్టున్నాడు. విషయం చెప్పాను. ఒక్క సెకను కూడా తడబడలేదండీ. ‘ఏంటన్నా, ఇరవై ఎనిమిది డాలర్లకి ఇంత సీనా? జింకకి వర్జీనియా చట్టం తెలుసా ఏంటి? అందరూ వాడుతున్నారు, నువ్వే పెద్ద హరిశ్చంద్రుడివి’ అన్నాడు. స్టిక్కరు ఎవరు వేశారని అడిగాను. ‘అది షిప్పింగ్ లేబుల్ అయ్యుంటుంది’ అట! షిప్పింగ్ లేబుల్ మీద ‘సింథటిక్’ అని ఎవడు రాస్తాడు నాయనా? దారిలో వైల్డ్‌లైఫ్ ఆఫీసరు ఆపి ఉంటే కేసు నా మీద పడేదని అంటే, ‘పడలేదు కదా, మరి ఎందుకు టెన్షన్?’ అని ఫోన్ పెట్టేశాడు. సాయంత్రానికి నంబరు బ్లాక్. గ్రూపులో నా మెసేజీ కూడా డిలీట్ చేయించాడు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఇంకో తమాషా. ‘ఎదకు వచ్చిన ఆడజింకది’ అని ఆ అసలు లేబుల్ మీద గొప్పగా రాసి ఉంది. ఆడజింక ఎదలో ఉండేది దాదాపు ఒక రోజు. అప్పుడు కట్టకపోతే మళ్లీ నాలుగు వారాలకి. మరి షాపుల్లో సీజన్ పొడుగునా కనిపించే ఇన్ని వేల సీసాలు ఏ జింకలు నింపుతున్నాయో? పైగా మూత్రం నిలవ ఉంటే చెడి అమ్మోనియా వాసనే మిగులుతుంది. ఆ వాసన కావాలంటే మా అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర ఫ్రీగా వస్తుంది. వేట నేర్పిన మా కొలీగ్ మొదట్నుంచీ ఒకటే మాట చెప్పేవాడు: గాలి నీ మీది నుంచి జింక వైపు వీస్తుంటే నీ వాసన దానికి తెలిసిపోతుంది, ఏ సెంటూ నిన్ను కాపాడదు. గాలి చూసుకుని కూర్చునేవాడికి ఈ సీసా అవసరమే తక్కువ.

(ఇండియా నుంచి చదివేవాళ్లు తిట్టుకోకండి. అక్కడ 1972 వన్యప్రాణుల రక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడితే జైలే. ఇక్కడ లైసెన్సు, ట్యాగు తీసుకుని, సీజన్‌లో వేటాడటం చట్టబద్ధం.)

చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. తెలిసినవాడు కదా అని గ్రూపుల్లో కొనకండి, షాపులో కొని లేబుల్ మొత్తం చదవండి. సింథటిక్ సెంటు ఇక్కడ వాడుకోవచ్చు. కానీ జింకలకి మొక్కజొన్న, ఉప్పుగడ్డ పెట్టి దాని దగ్గర కాపు కాయడం వర్జీనియాలో నేరం, అవి కూడా ఇతను అమ్ముతున్నాడు. పెన్సిల్వేనియా వైపు వెళ్లేవాళ్లు అక్కడి రూల్ వేరేగా చూసుకోండి, జబ్బు ఉన్న ఏరియాల్లో అక్కడా మూత్రం సెంట్లు నిషేధమే.

ఇప్పటికే కొన్నవాళ్లు సీసా మీది తెల్ల స్టిక్కరు పీకి చూసి, ఫొటో తీసి నాకు పంపండి. అందరివీ కలిపి వైల్డ్‌లైఫ్ డిపార్ట్‌మెంటుకి ఇస్తాను. ఆ తర్వాత సీసాని పెరట్లో పారబోయకండి, మూత తీయకుండా రెండు కవర్లలో చుట్టి చెత్తలో వేయండి.