ఎక్స్‌పాన్స్ మనుషులా, గెలాక్టికా మనుషులా?

"ఎక్స్‌పాన్స్ మొదలుపెట్టమంటావా, బాటిల్‌స్టార్ గెలాక్టికానా?" అని అడగని స్నేహితుడు లేడు నాకు. రెండూ అంతరిక్షంలో జరిగే ఇంగ్లీషు సైన్స్ ఫిక్షన్ టీవీ సిరీస్‌లు. అంతరిక్ష ఓడలూ యుద్ధాలూ చూడాలంటే రెండూ బాగానే ఉంటాయి. కానీ అడిగేవాళ్ళ అసలు బెంగ వేరు. అన్ని సీజన్లు కూర్చుని చూడాలంటే ఆ మనుషులు మనకు పట్టాలి కదా. ఈ వేసవిలో రెండూ మళ్ళీ మొదటినుంచీ చూశాను కాబట్టి పాత్రల గురించీ, వేసినవాళ్ళ గురించీ మాత్రమే రాస్తున్నాను. కథలో కొన్ని మలుపులు బయటపడతాయి, ముందే చెబుతున్నా.

గెలాక్టికా అంటే ఇక్కడ 2003 మినీ సిరీస్‌తో మొదలై 2009లో ముగిసినది. 1978 నాటి పాతదాంట్లో స్టార్‌బక్ అనే పైలట్ మగవాడు, డర్క్ బెనెడిక్ట్ వేశాడు. సరదాగా ఉంటుంది గానీ పాత్రల కోసం వెతుక్కుని చూడాల్సిన పని లేదు.

ముందు ఎక్స్‌పాన్స్. క్రిస్‌జెన్ అవసరాల అనే పేరు తెర మీద వినగానే తెలుగువాళ్ళెవరైనా ఒక్క క్షణం ఆగుతారు. అవసరాల మన ఇంటిపేరు. ఐక్యరాజ్యసమితిలో చక్రం తిప్పే ఆ పెద్దావిడ చీరలు కట్టుకుని, పెద్ద పెద్ద నగలు పెట్టుకుని, నోటికొచ్చిన బూతు మాట్లాడుతుంది. వేసింది టెహరాన్‌లో పుట్టిన షోరే అగ్దష్లూ. ఆ గరుకు గొంతుతో ఆమె నెమ్మదిగా మాట్లాడుతుంటే ఎదుటివాడికి చెమట పడుతుంది. మొదటి ఎపిసోడ్‌లోనే మనవడితో ఆడుకుంటున్న అమ్మమ్మగా కనిపిస్తుంది. ఆ తర్వాత ఒక బెల్టర్ ఖైదీని, అంటే గ్రహశకలాల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి, ప్రశ్నించడానికి వెళుతుంది. బరువు లేని చోట పెరిగిన ఆ మనిషికి భూమ్యాకర్షణే చిత్రహింస. వాణ్ణి కొక్కేలకు వేలాడదీస్తే రెప్ప వెయ్యకుండా చూస్తుంది. అప్పుడే నాకు ఈ సిరీస్ మీద గురి కుదిరింది.

అవసరాల తర్వాత నా ఓటు డ్రమ్మర్ అనే బెల్టర్ నాయకురాలికి. ఈ సిరీస్‌కు మూలమైన నవలల్లో నలుగురైదుగురికి పంచిన పనిని ఇక్కడ ఈమె ఒక్కదానికే అప్పగించారు. కారా గీ ఆ బరువును అవలీలగా మోసింది. మూడో సీజన్‌లో ఆమె, అదే ఓడలోని ఆష్‌ఫోర్డ్ చెరో యంత్రం కింద ఇరుక్కుపోతారు. ఒకళ్ళ మీంచి యంత్రం కదిలిస్తే రెండోవాళ్ళు నలిగిపోతారు. అప్పటిదాకా ఒకరి మాట ఒకరికి గిట్టని ఆ ఇద్దరూ అక్కడ మాట్లాడుకునే తీరు చూడాలి! వెస్ ఛాథమ్ వేసిన ఏమస్ కూడా అంతే. మంచీ చెడూ తేల్చుకోవడంలో తన మనసును తానే నమ్మడు, పక్కన నమ్మదగిన మనిషిని వెతుక్కుంటాడు. అంత చిన్న ముక్క మీద ఆరు సీజన్లు నిలబడే పాత్రను కట్టడం మాటలు కాదు. హీరో హోల్డెన్ మాత్రం మొదటి సీజన్‌లో నాకు అంతగా ఎక్కలేదు. అలెక్స్, బాబీ చల్లగా నచ్చేస్తారు.

మరి తేడా ఎక్కడ? నా దృష్టిలో ఒక్క విషయం దగ్గరే తేలిపోతుంది. గెలాక్టికాలో పారిపోవడానికి చోటు లేదు.

ఎక్స్‌పాన్స్‌లో సౌరకుటుంబం మొత్తం ఉంది. పడకపోతే ఇంకో ఓడ ఎక్కొచ్చు, ఇంకో స్టేషన్‌కి పోవచ్చు. అయిదో సీజన్‌లో హోల్డెన్ ఓడ రోసినాంటే మనుషులు నలుగురూ నాలుగు దిక్కులకు పోతారు. కథకు అది మేలే చేసింది. గెలాక్టికాలో సైలాన్లనే మరమనుషుల దాడి తర్వాత మొత్తం మానవజాతిలో మిగిలింది యాభై వేలమంది లోపే. ప్రెసిడెంట్ రోజ్లిన్ ఆ లెక్కను బోర్డు మీద చేత్తో రాసుకుంటుంది, పోయినవాళ్ళను తుడిచి మళ్ళీ రాస్తుంది. మినీ సిరీస్ తర్వాతి మొదటి ఎపిసోడ్‌లో, అయిదు రోజులు నిద్రలేని ఆమెకు ఓ బిడ్డ పుట్టిందని కబురొస్తుంది. వెళ్ళి ఆ అంకెకు ఒకటి కలుపుతుంది. మేరీ మెక్‌డానెల్ ఆ ఒక్క నవ్వు కోసం ఎపిసోడ్ అంతా దాచుకున్నట్టు అనిపిస్తుంది. అంత కొద్దిమందిలో నీకు అన్యాయం చేసినవాడు రేపు పొద్దున నీ పక్క టేబుల్ దగ్గరే తింటుంటాడు. నువ్వు చేసిన తప్పూ నీ ఎదురుగానే కూర్చుంటుంది.

గెలాక్టికా ఓడలో కెప్టెన్ తర్వాతి అధికారి కల్నల్ టైని చూడండి. మినీ సిరీస్‌లో ఓడకు నిప్పంటుకుంటే, ఇంకా మనుషులున్న భాగంలోంచి గాలి వదిలేయమంటాడు. ఓడ బతికింది, ఎనభై అయిదుమంది పోయారు. వాళ్ళంతా ఓడలో మెకానిక్‌ల పెద్ద చీఫ్ టిరోల్ కింద పనిచేసిన పిల్లలు. ఒక్క నిమిషం ఆగమని టిరోల్ బతిమాలాడు. వేరే కథలో అయితే ఇద్దరిలో ఒకరు బదిలీ అయిపోయేవారు. ఇక్కడ సీజన్ల కొద్దీ ఇద్దరూ అదే ఓడలో ఎదురుపడుతూనే ఉంటారు.

ఇక మూడో సీజన్ అయిదో ఎపిసోడ్. సైలాన్ల పాలన ముగిశాక, వాళ్ళతో చేతులు కలిపినవారిని ఆరుగురు రహస్యంగా విచారించి ఎయిర్‌లాక్‌లోంచి, అంటే ఓడ తలుపులోంచి, అంతరిక్షంలోకి తోసేస్తుంటారు. ఆ ఆరుగురిలో టై, టిరోల్ ఇద్దరూ ఉన్నారు. టై అప్పటికి ఒక కన్ను పోగొట్టుకున్నాడు, అదే నేరానికి సొంత భార్యకు తన చేత్తోనే విషం కలిపిన కప్పు ఇచ్చాడు. కాబట్టి ఎవరినీ క్షమించే స్థితిలో లేడు. ఈసారి మోకాళ్ళ మీద కూర్చోబెట్టింది గేటాని, సైలాన్ల పాలనలో ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసిన ఓడ అధికారిని. స్టార్‌బక్ బతిమాలుకోమంటుంది. గేటా తాను తిరుగుబాటుదారులకు లోపలి సమాచారం ఎలా చేరవేసేవాడో చెబుతాడు, కుక్కకు తిండిపెట్టే గిన్నె బోర్లించడం గుర్తు అంటాడు. ఆ సమాచారం రోజూ అందుకున్నది టిరోలే. పంపేది ఎవరో అతనికి ఆ క్షణం దాకా తెలియదు. ఆ తర్వాత మెస్‌లో గేటా ఒక్కడే తింటుంటాడు. టిరోల్ పళ్ళెం పట్టుకుని వచ్చి అతని ఎదురుగా కూర్చుంటాడు. అంతే, ఎపిసోడ్ అయిపోతుంది.

ఈ దృశ్యం ఎక్స్‌పాన్స్‌లో రాయడం కుదరదు. రాసేవాళ్ళు తక్కువవాళ్ళని కాదు, ఆ కథలో గేటాకి వెళ్ళిపోవడానికి వేరే ఊరుంది.

ఎడ్వర్డ్ జేమ్స్ ఓల్మోస్ వేసిన ఓడ కమాండర్ అడామా గురించి వేరే చెప్పక్కర్లేదు. కేటీ సాకాఫ్ స్టార్‌బక్, జేమ్స్ కాలిస్ వేసిన శాస్త్రవేత్త బాల్టర్ ఎప్పుడూ మాటల్లో వస్తారు. నేను మాత్రం మైకేల్ హోగన్ టై కోసమే మళ్ళీ చూశాను. అన్నట్టు మొదట్లో వచ్చే టైటిల్ సంగీతం సరిగ్గా వినండి, అందులో గాయత్రీ మంత్రం ఉంది.

గెలాక్టికాలో లోపం లేదని కాదు. చివర్లో కొందరు నిజంగా ఎవరన్నది మార్చేసిన తీరు నాకిప్పటికీ మింగుడు పడలేదు. 62 ఎపిసోడ్లలో ఎక్స్‌పాన్స్ అలాంటి తప్పు చేయలేదు, మొదటినుంచి చివరిదాకా నిలకడగా నడిచింది. తడబాటు లేని కథ కావాలంటే అదే చూడండి.

ఇలాంటిదే ఇంకో అంతరిక్ష సిరీస్ ఫైర్‌ఫ్లై సంగతేమిటని ఒకరిద్దరు అడిగారు. మనుషులు బంగారం, కానీ 14 ఎపిసోడ్లకే ఆగిపోయింది. స్టార్‌గేట్ ఎస్‌జీ-1 పది సీజన్లు, భోజనం చేస్తూ చూసుకోవచ్చు.

నా మాట వింటే గెలాక్టికానే ముందు, అదీ మినీ సిరీస్ వదలకుండా. మా చెల్లెలు నిన్న రాత్రి మొదలుపెట్టింది. ఆ తాగుబోతు కల్నల్‌ని ఉద్యోగంలోంచి ఎందుకు తీసెయ్యరని పొద్దున్నే మెసేజ్ పెట్టింది. ఇంకా చూడమని మాత్రం అన్నాను.