ఐస్ డాన్స్ కుర్ర జంటల్ని చూడాలంటే ఐఎస్‌యూ (అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య) యూట్యూబ్ చానెలే

మంచు కురవని తిరుపతిలోనూ బ్రిటన్ ఐస్ డాన్స్ (మంచు మీద జంటగా చేసే స్కేటింగ్ నాట్యం) జంటల్ని వదలకుండా చూడొచ్చు. 2025 ప్రపంచ పోటీల్లో లైలా ఫియర్, లూయిస్ గిబ్సన్ కాంస్యం గెలిచారు. ఫిగర్ స్కేటింగ్‌లో 1984 తర్వాత ఆ దేశానికి అదే మొదటి ప్రపంచ పతకం, ఎంత ఎదురుచూపు!

వాళ్ల వెనకొచ్చే కుర్ర జంటల కోసం ఐఎస్‌యూ చానెల్లో జూనియర్ గ్రాండ్ ప్రి (కుర్ర స్కేటర్ల అంతర్జాతీయ పోటీల వరుస) ఉచితం. సెప్టెంబరులో జర్మనీ, పోలండ్‌ లాంటి చోట్ల రాత్రి 7 అంటే మనకు 10:30. ట్విజిల్స్ (ఒంటికాలిపై జారుతూ గిరగిరా తిరగడం) దగ్గర రెప్ప వేయొద్దు: గాల్లో ఉండాల్సిన పాదం మంచుకు తగిలితే లెవెల్ (కష్టాన్ని బట్టి ఇచ్చే స్థాయి) తగ్గుతుంది. చిన్న లిఫ్ట్ (జోడీని ఎత్తి పట్టుకోవడం) 7 సెకన్లు మించితే ఒక పాయింటు కోత. అనుమానమొస్తే వెనక్కి జరిపి, సగం వేగంలో పాదాలే చూడండి.