గొడుగు బాగుంది, గిన్నె సంగతే చూడలేదు

వనపర్తిలో మాది వెల్డింగ్ షాపు. పోయిన ఎండాకాలం మిద్దె మీదికి డిష్ సోలార్ పొయ్యి తెప్పించాను. తిరగేసిన గొడుగులా ఉంటుంది: 1.4 మీటర్ల అడ్డం, ఎండను గిన్నె మీదికి మళ్లించే మెరిసే అల్యూమినియం రేకులు, నడుమ గిన్నె పెట్టే స్టాండు.

రేకులకు వంక పెట్టను. పన్నెండు గంటల ఎండలో కట్టెపుల్ల పెడితే నిమిషంలో పొగ లేస్తుంది. కానీ మొదటిరోజు స్టీలు గిన్నెలో మూడు లీటర్ల నీళ్లు పెడితే గంటైనా మరగలేదు. కింది నుంచి మా ఇంటామె, "మీ సూర్యుడు పండుకున్నడా?" అని ఒక్క కేక. పాపం, సూర్యుడేం చేస్తాడు! మెరిసే గిన్నె వచ్చిన వెలుగును బయటికే కొడుతోంది. మిగిలిన వేడిని గాలి ఎత్తుకుపోతోంది.

బైకు సైలెన్సర్లకు కొట్టే నల్ల పెయింట్ గిన్నె బయట పూశాను. చుట్టూ ఇనుప రేకు చుట్టి, వెలుగు దూరడానికి కింద నోరు వదిలాను. మొదట నోరు మరీ చిన్నగా కోశాను. వెలుగు సగం అంచుకే తగిలి రేకు నీలం తిరిగింది. డిష్ వెలుగు చుక్కలా పడదు, సాసరంత పరుచుకుంటుంది. నోరు పెద్దది చేశాక నీళ్లు అరగంటలోపే మరిగాయి.

ఈ ఉపాయం నా సొంతం కాదు. అక్కతో రాజస్థాన్‌లోని ఆబూ రోడ్ పోయినప్పుడు బ్రహ్మకుమారీల సోలార్ ప్లాంటు చూశాను. ఒక్కోటి 60 చదరపు మీటర్ల డిష్‌లు, మొత్తం 770. వాటి వెలుగు పడేచోట గుహలా నోరున్న పోత ఇనుప దిమ్మెలు. లోపలికి దూరిన వెలుగు గోడలకు తగిలి తగిలి అక్కడే ఇంకుతుంది. ఇనుము వేడిని దాచుకొని పొద్దుగూకినంక కూడా నీళ్లను ఆవిరి చేస్తుంది. అంత దిమ్మె మన మిద్దె మీద అక్కర్లేదు గానీ, రేకు చుట్టు ఇవ్వడానికి కంపెనీకి ఏం బరువు? ఫోన్ చేస్తే "గిన్నె మీ ఇష్టం సార్" అన్నారు.

స్టాండూ సన్నమే. ఐదు లీటర్ల కుక్కర్‌కు వంగితే నేనే పట్టీ వెల్డ్ చేసుకున్నాను. అందరింట్లో వెల్డింగ్ మిషన్ ఉండదు కదా.

పప్పుకు, పల్లికాయ ఉడకబెట్టడానికి మంచిది. రొట్టెలకు పనికిరాదు. పావుగంటకోసారి ఎండకు తిప్పాలి. ఐదుకు మూడు స్టార్లు ఇస్తాను. వాడనప్పుడు డిష్ మీద గుడ్డ మాత్రం కప్పండి, పక్కన ఆరేసిన నా కొత్త తువ్వాలుకు బొక్క పడింది.